చెట్టు తరఫు సాక్షి

నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ పెద్దకర్మ నాడు భోజనాల పందిట్లో ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది. గట్టిగా ఎవరూ అడగలేదు. చేలో గట్టు మీద కౌలురైతు ఏడుకొండలు పెంచిన కొబ్బరిచెట్లు ఇక మీదట ఎవరివి? భూమి ఆవిడది. చెట్లు మాత్రం ఏడుకొండలువేనని బతికున్నన్నాళ్ళూ చెప్పింది. ఇప్పుడు ఆ మాట చెప్పే మనిషి లేదు.

"పెద్దమ్మ మాట పెద్దమ్మతోనే పోయినట్టండి," అన్నాడు సూరిబాబు నా పక్క కుర్చీలో కూర్చుంటూ. అతను ఆవిడ మరిది కొడుకు. "మీరు చదువుకున్నవారు, చెప్పండి. కౌలోడికి చెట్టు మీద హక్కేంటండి? ఎక్కడైనా ఉందా?"

ఎక్కడుందో నాకు తెలుసు. కాని విస్తళ్ళు వేస్తుండగా చెప్పే సంగతి కాదది.

ఆ ఊరు రావులపాలేనికి దగ్గర. తొంభైల మొదట్లో అక్కడి హైస్కూలుకి సోషల్ టీచరుగా బదిలీ మీద వెళ్ళి, ఆవిడ ఇంట్లో వీధివైపు గదులు అద్దెకి తీసుకున్నాను. ఏడాదిలో మళ్ళీ బదిలీ పెట్టుకుందామనుకున్నదాన్ని ఆవిడ పోయేదాకా అక్కడే ఉండిపోయాను.

పొడుగు మనిషి. నేను చూసేసరికే యాభై దాటాయి. ఔనని చెప్పడానికి తల ఊపేది కాదు, నోటితో అనేదీ కాదు. కనుబొమలు రెండూ ఒక్కసారి పైకెత్తి దించేది. ఆవిడ కాపురం చేసి వచ్చిన దీవిలో అందరూ ఔనని అలాగే చెబుతారట. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరికీ ఎక్కలేదు. చేపలమ్మే సత్యవతి వాకిట్లో గంప దించి ధర చెప్పేది. ఈవిడ సరేనని కనుబొమలెత్తేది. అంత ధరా అని ఆశ్చర్యపోయిందనుకుని సత్యవతి తగ్గించేది. ఈవిడ మళ్ళీ సరేననేది. సత్యవతి మళ్ళీ తగ్గించేది.

"మీతో బేరం మా వల్ల కాదండీ బాబూ. నోరిప్పకుండానే చంపేత్తారు!"

"నేనేమన్నానే? మొదటి మాటకే ఒప్పుకున్నాను," అనేది ఆవిడ. చివరికి మొదట చెప్పిన ధరే ఇచ్చేది. అయినా మర్నాడు అదే తంతు. ఇద్దరికీ అది సరదా అని నాకు చాలాకాలానికి తెలిసింది.

చేలోకి వెళ్ళేటప్పుడు ఆవిడ ఎవరి కమతానికీ అడ్డం పడి నడిచేది కాదు. కోతలయిపోయి అంతా బీడుగా ఉన్న రోజుల్లో కూడా గట్ల వెంట చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎదురుపడ్డవాళ్ళు "అడ్డంగా పడి రండి, ఎండనపడి అంత చుట్టెందుకు?" అనేవారు. "నాకేం తొందర?" అనేది. నిజానికి ఆవిడంత తొందర మనిషిని నేను చూడలేదు. పాలు పొంగకముందే పొయ్యి ఆర్పేసేది. రాజమండ్రి బస్సుకి గంట ముందే వెళ్ళి నిలబడేది. పేకాటలో ఓడిపోతున్నానని అనుమానం రాగానే ముక్కలు పడేసి కాఫీ పెడతానని లేచిపోయేది. గట్ల దగ్గర మాత్రం ఎక్కడలేని ఓపికా వచ్చేది.

పసిఫిక్ సముద్రంలో ఎక్కడో ఉండి వచ్చిందని ఊరంతటికీ తెలుసు. మా వైపు దీవి అంటే గోదావరి మధ్యన ఉండే లంకే. "ఏ లంకండీ? పడవ ఎక్కడెక్కాలి?" అని ఏడుకొండలు తల్లి అడిగితే, "ధవళేశ్వరం దాటి చాలా దూరం వెళ్ళాలే, మధ్యాహ్నానికి అన్నం మూట కట్టుకోవాలి," అని చెప్పిందట. ఆ ముసలమ్మ అదే నిజమనుకుని నాతో కూడా చెప్పింది.

ఒకసారి స్కూలు నుంచి ప్రపంచపటం తెచ్చి చూపించమన్నాను. కళ్ళజోడు పెట్టుకుని వెతికి వేలు పెట్టింది. వేలు తీశాక చూస్తే అక్కడ నీలం రంగు తప్ప ఏమీ లేదు.

"ఇది అచ్చువేసినవాడికి మేమున్నామని తెలీదు," అంది.

మేము అంది. తిరిగొచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది.

అలాగని ఆ దీవిని పొగిడితే ఒప్పుకునేది కాదు. "స్వర్గంలా ఉండేదేమో కదా, పిన్నిగారూ," అన్నాను.

"స్వర్గంలో ఉల్లిపాయలు దొరుకుతాయి కదమ్మా? అక్కడ దొరికేవి కావు. దోమలు దొరికేవి."

ఆవిడ భర్త సర్వేయరు. నేను గోడ మీద ఫోటోలోనే చూశాను. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న ఆ దీవికి డెబ్భైలలో కాంట్రాక్టు మీద వెళ్ళారు. స్వతంత్రం ఇచ్చేసి వెళ్ళిపోయే ముందు, ఏ భూమి ఏ కుటుంబానిదో కొలిచి హద్దులు పాతి పోవాలని అక్కడి ప్రభుత్వం అనుకుంది. అందుకు బయటినుంచి సర్వేయర్లను తెప్పించుకుంది.

స్తంభాల మీద లేపిన చెక్క ఇల్లు, రేకుల కప్పు, కప్పు మీద పడ్డ వాననీళ్ళు పట్టుకునే ట్యాంకు. నెలకోసారి ఓడ వచ్చేది. ఓడలో బియ్యం, పిండి, కిరసనాయిలు. ఓడ ఆలస్యమైతే కర్రపెండలమే తిండి. "మన పెద్దాపురం వైపు పండే దుంపే. అక్కడ కొబ్బరిపాలు పోసి ఉడికిస్తారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఓడ వచ్చినా అదే వండుకునేవాళ్ళం," అంది. ఆవాలు దొరక్క, తెల్లవాళ్ళు రొట్టెకి రాసుకునే ఆవముద్ద సీసాలు కొని, మామిడికాయ ముక్కల్లో కలిపి ఆవకాయ పెట్టిందట. "ఆవకాయ అనుకుని తింటే ఆవకాయే. అనుకోకపోతే మాత్రం ముద్ద దిగదు."

ఆఫీసర్ల ఇళ్ళ వరసలో మనవాళ్ళ ఇల్లు అదొక్కటే. సాయంత్రాలు దొరసానులు టీకి పిలిచేవారు. మర్యాదగానే చూసేవారు గాని, ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్ళకి తెలిసేది కాదు. ఊళ్ళోవాళ్ళకి ఈవిడ ఆఫీసరుగారి భార్య. ఆఫీసర్లకి ఈవిడ ఊళ్ళోవాళ్ళలాంటిదే. స్వతంత్రం దగ్గరపడేకొద్దీ ప్రతి వరండాలోనూ చెక్కపెట్టెలు లేచాయి. ఫ్రిజ్‌లూ కుర్చీలూ బయటపెట్టి అమ్ముకునేవారు. వారానికో వీడ్కోలు విందు. ఎదురుగా మైదానంలో బడిపిల్లలు కొత్త దేశం పాట సాధన చేసేవారు.

"పొద్దున్న పిల్లలు మా దేశం, మా దేశం అని పాడేవారు. సాయంత్రం దొరసానులు మన దీవి ఏమైపోతుందో అని కళ్ళు ఒత్తుకునేవారు. నేను రెండు చోట్లా కూర్చుని వినేదాన్ని," అంది.

ఆ రోజుల్లోనే కూతురు పుట్టింది. తర్వాత జరిగింది ఆవిడ నాకు ఒక వర్షాకాలపు మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ చెప్పింది. గొంతు పెంచకుండా, వేరెవరికో జరిగినట్టే చెప్పింది.

ఆవిడ పుట్టింటివారిది అంబాజీపేట వైపు. ఆ ఇంట్లో బిడ్డ పుడితే మాయ పెరట్లో పాతి, దాని మీద కొబ్బరిమొక్క నాటేవారు. బిడ్డతో పాటు చెట్టూ ఎదుగుతుంది. పెళ్ళీడుకి వచ్చేసరికి కాయల దింపు పెరిగి ఉంటుంది. ఆవిడకి అది తప్ప వేరే పద్ధతి తెలియదు. ఆసుపత్రిలో మంత్రసాని మాయని ఆకులో చుట్టి చేతికిచ్చి, ఎక్కడ పెడతావని అడిగింది. ఇంటికి తెచ్చి పెరట్లో పాతి, మొలకొచ్చిన కొబ్బరికాయ ఒకటి నాటించింది. కంప కూడా కట్టించింది.

మర్నాడు ఊరి ఆడవాళ్ళు వచ్చి కంచె అవతల నిలబడి ఆ మొలకని చూశారు. రోజూ పలకరించేవాళ్ళు ఆ రోజు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి భర్త పాతించిన హద్దుకర్రలు పీకేసి రోడ్డు మీద పడేసి ఉన్నాయి. ఆయన ముఖం తేలేసి ఇంటికొచ్చారు.

అక్కడ చెట్టు నాటడమంటే ఈ నేల నాదని చెప్పడం. పైగా మాయ పాతితే ఆ బిడ్డ ఈ నేల మనిషని చెప్పడం. ఆ ఇళ్ళున్న జాగా ప్రభుత్వం ఒక కుటుంబం దగ్గర తీసుకున్నది. స్వతంత్రం రాగానే తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ కుటుంబం దానికోసం తరాలుగా ఎదురుచూస్తోంది. తీరా ఇచ్చే సమయానికి, భూములు కొలవడానికి వచ్చినవాడి భార్యే చెట్టు నాటింది. సర్వేయరు తనకోసమే కొలుచుకుంటున్నాడన్నారు. ఏ ఊళ్ళోనూ ఆయన్ని అడుగుపెట్టనివ్వలేదు.

పై ఆఫీసరు ఒక్కటే మాట చెప్పాడు. మొక్క పీకెయ్. భర్త కూడా అదే అన్నారు.

"పిల్ల పేరున నాటింది పీకుతానా? మా నాన్నమ్మ చూస్తే చీపురు తిరగేస్తుంది," అంది ఆవిడ. "మీ ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది."

ఆ జాగా తాలూకు పెద్దాయన ఒక రోజు వచ్చాడు. పైకి రమ్మంటే రాలేదు. పెరట్లో మొక్క ఎదురుగా ఎండలో నేల మీద కూర్చున్నాడు. టీ ఇస్తే పక్కన పెట్టాడు. ఆవిడ పిల్లని ఎత్తుకుని వెళ్ళి ఆయనకి ఎదురుగా నేల మీదే కూర్చుంది. టీ చల్లారిపోయింది. ఇది ఎవరిదని ఆయన గడ్డంతో మొక్కని చూపించాడు.

"నాకు వాళ్ళ భాష నాలుగు ముక్కలే వచ్చు. ఎక్కువ వచ్చుంటే ఏదో పిచ్చివాగుడు వాగేదాన్ని. ఉన్న ముక్కలతోనే చెప్పాను. భూమి మీది. చెట్టు పిల్లది. అంతే."

"ఆయన ఏమన్నాడు?"

"పిల్లని తన ఒళ్ళో పెట్టమన్నాడు. పెట్టాను. అది ఆయన్ని తడిపేసింది. ఆయన నవ్వి, ఆ చల్లారిపోయిన టీ తాగాడు."

మర్నాటి నుంచీ హద్దుకర్రలు ఎవరూ పీకలేదు. స్వతంత్రం రావడం, వీళ్ళు ఓడెక్కడం దాదాపు ఒకేసారి జరిగాయి. భూమి ఆ కుటుంబానికి వెళ్ళింది. చెట్టు వసంతది. వసంత ఆవిడ కూతురు.

ఇంత చెప్పి, చింతగింజలు చేటలోంచి డబ్బాలో పోసుకుని లేచింది. కళ్ళు ఒత్తుకోవడం లాంటిదేమీ లేదు. గెలిచి వచ్చిన మనిషిలా ఉంది.

మా ఊళ్ళో రగడ ఆ తర్వాతిది. కౌలుకి తీసుకున్న భూమిలో కౌలురైతు చెట్టు నాటకూడదన్నది మా వైపు ఎవరూ రాయని కట్టుబాటు. పంటైతే కోసుకుని పోతాడు. చెట్టు ఉండిపోతుంది, దానితో పాటు వేసినవాడూ ఉండిపోతాడని భూమిగలవాళ్ళ భయం. ఏడుకొండలు గట్టు మీద కంది వేసుకుంటానని అడగడానికి వచ్చాడు.

"కంది ఎందుకురా? కొబ్బరి వేసుకో," అంది ఆవిడ.

"కౌలోణ్ణండి. చెట్టు ఎయ్యకూడదండి."

"ఎవరన్నారు?"

"అందరూనండి."

"అందరి గట్ల మీదా నిన్ను వెయ్యమన్లేదు. నా గట్టు మీద వెయ్యి."

వాడు నమ్మలేదు. వాడి భార్య మంగ నమ్మింది. ఆ వారంలోనే మొక్కలు తెచ్చి నాటించింది. కాలవ నుంచి నీళ్ళు బిందెలతో మోసి పోసింది.

సూరిబాబు ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వరండాలో కుర్చీలు వేసింది నేనే.

"ఏంటి పెద్దమ్మా, నీకేమన్నా మతిపోయిందా? కౌలోడి చేత చెట్లేయించావంట!"

"నేను వేయించలేదు. వాడు వేసుకున్నాడు. వాడివే."

"వాడివంటే?"

"కాయలు వాడివి, కమ్మలు వాడివి. గాలివానకి పడిపోతే మాను కూడా వాడిదే."

"మరి భూమో?"

"భూమి నాది. అదెక్కడికీ లేచిపోదు, కంగారు పడకు."

"రేపు వాడు కోర్టుకెక్కితే?"

"ఎక్కనీ. నేనూ వస్తాను సాక్ష్యానికి."

"ఎవరి తరఫున?"

"చెట్టు తరఫున."

పెద్దమనుషుల్లో ఒకాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సూరిబాబు నవ్వలేదు. అతను చెడ్డవాడు కాదు. ఆవిడకి ఏ జ్వరం వచ్చినా ముందు కారు తెచ్చేది అతనే. భూమి చేజారిపోతుందన్న భయం పాలతో పాటు తాగి పెరిగాడు, అంతే.

"నువ్వుండగా నీ ఇష్టం. నీ తర్వాతో?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నా తర్వాత వసంత ఉంది."

"వసంతకేం తెలుసు? కాకినాడలో బ్యాంకులో కూర్చునే పిల్ల. చేను ఎటుందో కూడా తెలీదు."

అది నిజమే. వసంతకి దీవి కబుర్లంటే విసుగు. తల్లి మొదలుపెట్టగానే "అమ్మా, ఆపు. నాకు గుర్తే లేని ఊరికి నన్నెందుకు అప్పజెబుతావు?" అనేది. సెలవుకి వస్తే రెండు పూటలుండి వెళ్ళిపోయేది. చెట్లు కాపుకొచ్చిన ఏడాది నేను ఆవిడతో అన్నాను, అమ్మాయితో ఒక మాట చెప్పి ఉంచండి, పిన్నిగారూ, ఏడుకొండలుకి ఇబ్బంది లేకుండా ఉంటుందని.

"నేను చెప్పి చేయిస్తే అది నా మాటే అవుతుంది. నాతోనే పోతుంది," అంది. "దానికే తోచాలి."

"తోచకపోతే?"

"తోచకపోతే వాడి ఖర్మ, నా పెంపకం."

ఎండాకాలంలో ఒక ఉదయం చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళడిగింది. నేను గ్లాసు తెచ్చేసరికి కుర్చీలో తల వాల్చి ఉంది. ఆ తర్వాత జరిగినవి అందరి ఇళ్ళలో జరిగేవే.

పెద్దకర్మ నాడు ఎండ పందిరి ఆకుల్లోంచి కూడా దిగుతోంది. భోజనాలయ్యాయి. దూరం నుంచి వచ్చిన చుట్టాలు విసనకర్రలు ఊపుకుంటున్నారు. ఏడుకొండలు చేతులు కడుక్కునేవాళ్ళకి నీళ్ళు పోస్తున్నాడు. మంగ విస్తళ్ళు తీస్తోంది. సూరిబాబు లేచి, అందరికీ వినబడేలా అన్నాడు:

"చెల్లెమ్మా, చుట్టాలు ఎండకి సొమ్మసిల్లిపోతున్నారు. మన గట్టు మీద బొండాలు దింపించమంటావా? దింపువాణ్ణి పిలిపించాను. నువ్వు ఊఁ అంటే చాలు."

మనిషిని ముందే పిలిపించాడు. విసనకర్రలు ఆగిపోయాయి. ఏడుకొండలు చేతిలో చెంబు వంచినది వంచినట్టే ఉంది, నీళ్ళు కింద పోతున్నాయి. వసంత ఊఁ అంటే, అంతమంది ఎదుట ఆ చెట్లు ఎవరివో తేలిపోయినట్టే. నేను నోరు తెరవబోయి మానేశాను. ఆవిడ వద్దన్నది అదే కదా.

వసంత అన్నగారి వంక చూసింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. చేతిలో ఫోను పక్కన పెట్టి, చెప్పులు లేకుండానే పందిట్లోంచి ఎండలోకి వెళ్ళి ఏడుకొండలు ఎదురుగా నిలబడింది.

"ఏడుకొండలూ, చుట్టాలు ఎండనపడి వచ్చారు. నీ చెట్లవి ఒక గెల దింపి ఇస్తావా?"

ఏడుకొండలు తల దించుకున్నాడు. "ఆయ్," అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు.

మంగకి వచ్చింది. విస్తళ్ళ గంప కింద పెట్టి, చెయ్యి నడుం మీద వేసుకుంది.

"మేం ఇవ్వం అంటే ఏం చేత్తారమ్మా?"

"ఒసే!" అన్నాడు ఏడుకొండలు.

"రావులపాలెం వెళ్ళి కొనుక్కొస్తాను. ఇంకేం చేస్తాను?" అంది వసంత.

మంగ వసంతని ఎగాదిగా చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. "అంత దూరం ఎల్లక్కర్లేదులెండి. ఒక గెల మా అమ్మగారి చుట్టాలకి ఏం సరిపోద్ది? రెండు దింపుతాడు," అంది.

దింపువాణ్ణి వెనక్కి పంపేసి ఏడుకొండలే ఎక్కాడు. బొండాలు తెచ్చి పందిట్లో ఒక మూల పోసి, కత్తితో ఒక్కొక్కటే చెక్కి అందరి చేతికీ ఇస్తూ వచ్చాడు. సూరిబాబు కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ఇవ్వాలా, ఇస్తే ఏమనుకుంటాడో తెలియక నిలబడిపోయాడు. సూరిబాబు కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"నాకూ ఒకటి ఇప్పించవయ్యా, ఏడుకొండలూ," అన్నాడు.

ఏడుకొండలు వంగి, కుప్పలోంచి లేతది వెతికి తీశాడు.